ఫాస్ట్ అంటే రంగు అనుకున్నాను

చేపలు పట్టే కర్రలు తయారుచేసే చోట ఇరవై రెండేళ్ళు పని చేశాను. ఈ చేతులతో ఒక్క చేపనూ పట్టలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటి వారంలోనే "పెద్దమ్మా, నువ్వు ఎన్ని పట్టినవ్?" అని అడుగుతారు కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఒక్కటి కూడా లేదంటే నవ్వుతారు. నవ్వుకోండి. కర్ర సంగతి మాత్రం నన్ను అడగండి.

మా కార్ఖానా సూరత్‌లో, ఖటోదరాలో ఉంది. రెండు పక్కలా మగ్గాల షెడ్లు. ఆ మోతలోనే ఎనిమిది మంది ఆడవాళ్ళం కిటికీల పక్కన కూర్చుని సన్నటి రాడ్లకు దారం చుట్టేవాళ్ళం. ఇవి చెరువు గట్టున వానపాము గుచ్చి వేసే గాలం కర్రలు కావు. ఈ రాడ్‌తో వేసే గాలానికి ఎర ఉండదు. ఈకముక్క, దారం కలిపి ఈగలాగా కడతారు. ఆ ఉత్తుత్తి ఈగకు బరువే ఉండదు, కాబట్టి దాన్ని రాయిలాగా విసరలేం. బరువంతా వెనకనున్న లావు దారానిది. చెయ్యి వెనక్కి తీస్తే దారం వెనక్కి పోయి చాచుకుంటుంది, దాని లాగుడుకు కర్ర వంగుతుంది. మళ్ళీ ముందుకు తెస్తే ఆ వంగిన కర్ర లేస్తూ దారాన్ని నీటి మీదికి పంపుతుంది. కర్ర ఎంత వంగుతుంది, ఎక్కడ వంగుతుంది, ఎంత త్వరగా లేస్తుంది అన్నదే ఈ పనంతా. మిగిలిందంతా అలంకారం.

దారం చెయ్యి

మాది సిరిసిల్ల వైపు. మా ఆయన మగ్గం పనికి సూరత్ వస్తే నేనూ వెంట వచ్చాను. వడోద్‌లో ఒక గది. ఇంట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేదాన్ని. పక్క సందులో సుగుణక్క ఉండేది. మా వైపు మనిషే, నాకంటే మూడేళ్ళు పెద్దది. అప్పటికే ఈ కార్ఖానాలో పని చేస్తోంది.

ఒకరోజు నా కండె చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "గింత సాఫుగ చుట్టేదానివి ఇంట్ల ఏం జేస్తున్నవే? రా నాతోని."

"అక్కడేం పని అక్కా?"

"దారం చుట్టుడే. కండె బదులు కర్ర ఉంటది. నీకు రానిదా?"

అక్కడి మిస్త్రీ రమణ్‌భాయ్. గుజరాతీ మనిషి. మాతో హిందీలో మాట్లాడేవాడు, అదీ చాలా తక్కువ. మొదటిరోజు నా ముందు ఒక కర్ర, గాలం దారం దూరే ఒక రింగు, చుట్టే సన్నదారం పెట్టి పక్కకు వెళ్ళిపోయాడు. రింగు కాలును కర్రకు ఆనించి, దారం ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, మధ్యలో సందు లేకుండా చుట్టాలి. చుట్టాను. ఆయన వచ్చి బొటనవేలి గోరుతో దాని మీద గీశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. "రేపటి నుంచి రా" అన్నాడు. నా ఉద్యోగానికి జరిగిన పరీక్ష అంతే.

నెలలోపే మొదటి తప్పు చేశాను. దారం ఎంత బిగిస్తే అంత మంచిదని అనుకున్నాను. అలా బిగిస్తే రింగు కాలు కర్రలోకి దిగిపోతుంది, ఎప్పుడో ఒకరోజు సరిగ్గా అక్కడే విరుగుతుంది. రమణ్‌భాయ్ నేను చుట్టిన తొమ్మిది రాడ్ల దారమూ నాచేతే విప్పించాడు. తిట్టలేదు. నేను విప్పుతున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగాడు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

ధీమా, తేజ్

దారం, పిడి, రింగులు ఏవీ లేని ఉత్త కర్రను మేము ఖాలీ అనేవాళ్ళం. ఖాలీలు పెట్టడానికి గోడకు రెండు రాకులు ఉండేవి. ఎడమవైపు ధీమావి, కుడివైపు తేజ్‌వి. రమణ్‌భాయ్ హిందీలో ధీమా అంటే నెమ్మది, తేజ్ అంటే వడి. మన తెలుగులో ధీమా అంటే నిబ్బరం. నాకు రెండు అర్థాలూ ఆ కర్రకు సరిపోయినట్టే అనిపించేది.

మూడో ఏడాది ఆయన నన్ను రాకుల దగ్గరికి పిలిచాడు. ఖాలీ మొదలు నా చేతికిచ్చి, కొసను గోడకు ఆనించి మెల్లగా నొక్కమన్నాడు.

"ఎక్కడ వంగిందో అందరూ చూస్తారు. వంగడం ఎక్కడ ఆగిందో నువ్వు చూడు."

తేజ్ కర్రలో కొస మాత్రమే వంగుతుంది. పైనుంచి మూడో వంతు దాటగానే బిర్రుగా నిలబడుతుంది. వదిలితే టక్కున లేస్తుంది. ధీమా కర్రలో వంపు కొసన మొదలై నడుము దాటి దాదాపు పిడిదాకా వస్తుంది. అరచేతికి తెలుస్తుంది. వదిలితే తీరిగ్గా లేస్తుంది. ఈ రెండింటికీ నడిమిరకం కర్రలు కూడా కొన్ని ఉంటాయి. రాడ్ మీద రాసే నంబరు చూసి ఈ తేడా చెప్పలేం. ఆ నంబరు ఎంత బరువు దారం వాడాలో చెబుతుంది. ఎనిమిదో నంబరులో ధీమా ఉంటుంది, తేజ్ కూడా ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. నంబరు పెరిగితే కర్ర గట్టిదై తేజ్ అవుతుందనుకుంటారు.

ఆయన నాకు ఇంకో నియమం చెప్పాడు. రాడ్లు కావాలన్నవాళ్ళు ఏ రకమో చెప్పకపోతే ఎడమ రాక్ నుంచే తీయాలి.

"ఎందుకు?" అన్నాను.

"ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. అలాంటప్పుడు చేతి తప్పును ఓర్చుకునేదాన్నే పంపాలి."

కొనేవాళ్ళను ఏం అడగాలి

అప్పుడప్పుడు కొనేవాళ్ళు నేరుగా కార్ఖానాకే వచ్చేవారు. వచ్చినవాళ్ళలో పదిలో తొమ్మిదిమంది "అన్నిటికంటే తేజ్‌ది ఇవ్వండి" అనేవారు. ఆ మాట వింటేనే పెద్దదనిపిస్తుంది కదా. చీరల వ్యాపారి ఒకాయన అలాగే వచ్చాడు. రమణ్‌భాయ్ ఆయన్ను కర్ర గురించి ఒక్క ముక్క అడగలేదు. ఏ నీళ్ళలో వేస్తారు, ఆ వాగు ఎంత వెడల్పు, గాలి ఉంటుందా అని మాత్రం అడిగాడు. కొండల్లో చిన్న వాగు, మీ గదంత వెడల్పు అన్నాడాయన. అంత దగ్గరికి తేజ్ కర్ర ఎందుకు? దాని బలమంతా దూరం వేయడానికీ గాలిని చీల్చడానికీ పనికొస్తుంది. దగ్గరి నీళ్ళ మీద దారం చప్పుడు చేస్తూ పడుతుంది, చేప పారిపోతుంది. ధీమా కర్రతో దారం పరిచినట్టు పడుతుంది. ఇదంతా సందులో వేసి చూపించినా ఆయన తేజ్‌దే తీసుకెళ్ళాడు. ఆయన స్నేహితుడి దగ్గర అదే ఉందట. ఏడాది తిరగకముందే భుజం పట్టుకుని వచ్చి మార్చుకున్నాడు. రమణ్‌భాయ్ "నేను చెప్పాను కదా" అనలేదు. ఆ మాట అనకుండా ఉండటం కూడా పనిలో భాగమే.

నా తప్పు ఒకటి ఇక్కడే చెబుతాను. సన్నటి మనిషి, ఒకావిడ తేజ్ రాడ్ అడిగింది. ఆడమనిషి కదా, చేతికి హాయిగా ఉంటుందని ధీమాది తీసిచ్చాను. ఆవిడ దాన్ని రెండుసార్లు ఊపి నవ్వుతూ వెనక్కిచ్చింది. "నేను వేసేది సముద్రం ఒడ్డున అమ్మా. గాలి నన్నే ఎత్తుకుపోతుంది, నీ దారం ఒక లెక్కా?" అంది. నేను అడగాల్సింది నీళ్ళ గురించి. మనిషిని చూసి తేల్చేసుకున్నాను. నెమ్మది కర్ర బలహీనులకు, వడి కర్ర బలవంతులకు అనుకోకండి. ఆవిడ మణికట్టు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎర్ర దారం చిట్టీ

మోకాళ్ళు సహకరించక రమణ్‌భాయ్ పని మానేశాడు. ఆయన స్థానంలో కేతన్‌భాయ్ వచ్చాడు. చదువుకున్నవాడు, కార్ఖానా యజమాని సేఠ్‌కు దగ్గరివాడు. చెడ్డవాడు కాదు. రమణ్‌భాయ్ నోటితో చెప్పేవన్నీ ఈయన చిట్టీ మీద రాసి ఇవ్వడం మొదలుపెట్టాడు. గుజరాతీ అక్షరాలు, మధ్యమధ్యలో ఇంగ్లీషు మాటలు.

మా ఎనిమిదిమందిలో చిట్టీ చదవగలిగేది సుగుణక్క ఒక్కతే. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివింది. గుజరాతీ అక్షరాలు సూరత్ వచ్చాక బస్సుల మీది బోర్డులు చూసి నేర్చుకుంది. ఆమె చదివేది, నేను విని రాక్ నుంచి ఖాలీలు తీసేదాన్ని. అప్పటికి నాకు ఒక్క అక్షరమూ రాదు.

ఆ రోజు చిట్టీని ఒక చేత్తో పట్టుకుని, దారం కొసను పళ్ళ మధ్య పెట్టుకునే చదివింది. "తొమ్మిది ఫీట్లు. ఎనిమిదో నంబరు. ఆరు రాడ్లు. ఫాస్ట్. లాల్ ధాగా."

"ఫాస్టేనా అక్కా?"

"ఫాస్టే రాసిండు."

సూరత్‌లో బట్టల మధ్య బతికేవాళ్ళకు ఫాస్ట్ అంటే ఒకటే అర్థం, ఉతికినా పోని రంగు. చీర కొనేటప్పుడు "ఫాస్టేనా?" అని అడుగుతాం. మా ఆయన రంగుల మిల్లులో పని చేసిన రెండేళ్ళూ ఇంట్లో వినిపించింది ఆ మాటే. పైగా లాల్ ధాగా అంటే ఎర్ర దారం, మా దారాల పెట్టెలో ఆ ఎరుపు రెండు రకాలు. ఒకదాని మీద ఎపాక్సీ జిగురు పూత పడగానే నల్లబడి ఎండిన రక్తంలా తయారవుతుంది. రెండోది ఎంత పూత పూసినా ఎర్రగానే ఉంటుంది. దాన్ని మేము ఫాస్ట్ లాల్ అనేవాళ్ళం. కర్ర రకానికి ఆ పేరు పెట్టగా మేము ఎన్నడూ వినలేదు. మాకు తెలిసినవి ధీమా, తేజ్.

అందుకని ఆ చిట్టీలో కర్ర ఏ రకమో చెప్పలేదని అనుకున్నాను. రమణ్‌భాయ్ నియమం ప్రకారం ఎడమ రాక్ నుంచి ఆరు ధీమా ఖాలీలు తీశాను. పెట్టెలో వెతికి ఫాస్ట్ లాల్ దారం తెచ్చాను. ఎనిమిదిమందిమీ ఆ మాట విన్నాం. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ ఆరు రాడ్ల మీద చుట్టినంత బాగా ఎర్ర దారం నేను అంతకుముందు ఎన్నడూ చుట్టలేదు. ఎండలో పెడితే కుంకుమలా మెరిసింది.

రెండు రోజులు

మూడు వారాల తరవాత ఆ రాడ్లు కొన్నాయన ముంబై నుంచి స్వయంగా వచ్చాడు. కొండల్లోని పెద్ద నదుల దగ్గరికి మనుషుల్ని చేపల వేటకు తీసుకెళ్ళడం ఆయన పని. ఆరు రాడ్లూ బల్ల మీద పెట్టాడు. ఎదురుగాలిలో దారం సగం దూరం కూడా పోలేదని, తనను నమ్మి వచ్చినవాళ్ళ ముందు తలవంపు అయిందని చెప్పాడు. కేతన్‌భాయ్ ఒక రాడ్ తీసి గోడకు ఆనించి నొక్కాడు. వంపు పిడిదాకా వచ్చింది.

సుగుణక్కను పిలిచాడు. ఆయన హిందీలో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను.

"చిట్టీ చదివింది ఎవరు?"

"నేనే సాబ్."

"ఫాస్ట్ అని రాశానా లేదా?"

"రాసిండ్రు."

"మరి ధీమా ఎలా వచ్చింది?"

ఆమెకు తెలియదు. నిజంగానే తెలియదు. నోటి ముందు కొంగు పెట్టుకుని, "చదివిన్ననే అనుకుంటున్న సాబ్. ఏడనన్న విడిచిపెట్టిన్నేమో" అంది.

ఫాస్ట్ అంటే తేజ్ అని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నోరు తెరిచేలోపు కేతన్‌భాయ్ నావైపు చెయ్యి చూపించాడు. "లక్ష్మీబెన్‌కు చదువు రాదు. పాపం, ఏం వింటే అది తీస్తుంది. తప్పు చదివినవాళ్ళది."

నేను నోరు మూసుకున్నాను. చదువు రాదన్నందుకు అంతకుముందు ఎన్నోసార్లు సిగ్గుపడ్డాను. ఆ రోజు దాని చాటునే దాక్కున్నాను.

సుగుణక్కను మర్నాటి నుంచి రావద్దన్నాడు. శనివారం సేఠ్ వచ్చాక ఆఖరి మాట చెబుతానన్నాడు. ఆమె భర్తకు మిల్లు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై అప్పటికి నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ ఇల్లు నడిచేది ఈ పని మీదే. అది నాకు తెలుసు. అయినా మొదటిరోజు ఏమీ చెప్పలేదు. రెండోరోజూ చెప్పలేదు. ఇంటికి పోయేటప్పుడు ఆమె సందు తప్పించుకుని చుట్టుదారిన వెళ్ళాను. రాకుల పని పోతుందని భయపడ్డాను. ఒక్క భయమే అయితే ఇంత రాయను. తప్పు నా మీద పడలేదన్న హాయి కూడా కొంత ఉంది. ఆ రెండు రోజులూ కూర తిన్నాను, రుచి తెలిసింది. ఇన్నేళ్ళ తరవాత కూడా నన్ను గుచ్చేది అదే.

మూడోరోజు పొద్దున, పని మొదలుకాకముందే సుగుణక్క గేటు దగ్గర నిలబడి ఉంది. కార్ఖానా కత్తెర తన దగ్గరే ఉండిపోయిందని తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నన్ను పక్కకు పిలిచింది.

"లచ్చీ, ఒకటి అడుగుత. నిజం చెప్పు. ఆ చిట్టీల ఫాస్ట్ అన్న మాట నేను చదివిన్నా, లేదా? నీకు యాదికున్నదా?"

"ఎందుకక్కా?"

"చదివినట్టే అనిపిస్తది. చదవలేదేమో అని కూడ అనిపిస్తది. మా అమ్మకు గిట్లనే షురువైంది, ఆఖరికి మమ్ములనే గుర్తు పట్టలే. పని పోతె ఇంకోటి దొరుకుతది. నాకు మతి పోతుందేమోనని బుగులైతున్నదే."

నా రెండు రోజుల మాటలేనితనం ఆమెను ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో నాకు అప్పుడు తెలిసింది.

"చదివినవక్కా," అన్నాను. "మంచిగ చదివినవు. ఫాస్ట్ అంటే రంగనుకున్న నేను. ఖాలీలు నేనే తప్పు తీసిన. నాకు ఇయ్యాల్నే యాదికొచ్చింది."

ఆఖరి మాట అబద్ధం. అంతా చెప్పి, ఆ ఒక్కటి దాచుకున్నాను.

సుగుణక్క నా ముఖంలోకి కొంతసేపు చూసింది. తరవాత కత్తెరను మళ్ళీ తన సంచిలో వేసుకుంది. "అయితె నడువు. సాబ్‌కు చెప్పు," అంది.

చెప్పాను. కేతన్‌భాయ్‌కు మొదట అర్థం కాలేదు. మిగిలిన ఆరుగురినీ పిలిచి ఒక్కొక్కరినీ ఒకటే అడిగాడు, ఫాస్ట్ అంటే ఏమిటని. ఒకామె "రంగు పోదు" అంది. ఇంకొకామె "పక్కా" అంది. ఒకామె తన చీర కొంగు పట్టుకుని "ఇది కాదు" అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మా అమ్మ కూడా ఇలాగే అనేది" అన్నాడు. తను కూడా బట్టల ఇంట్లో పుట్టినవాడే.

ఆయన గురించి నా తీర్పు ఇది. తొందరపడి ఒక మనిషిని పంపేశాడు, అది తప్పు. తన చిట్టీలోనూ తప్పుందని ఎనిమిదిమంది ఆడవాళ్ళ ముందు ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్న పెద్దమనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ రోజు నుంచి చిట్టీల మీద ధీమా అనో తేజ్ అనో రాయడం మొదలుపెట్టాడు. సుగుణక్కను మళ్ళీ పనిలో కూర్చోమన్నాడు. నాతో మాత్రం, "చదవడం వచ్చేదాకా నువ్వు రాకులు ముట్టుకోవద్దు" అన్నాడు. న్యాయమే.

సుగుణక్క, నేను కలిసి నాలుగు రోజుల్లో ఆరు తేజ్ రాడ్లు కట్టి ముంబై పంపాం. ఆయన అవి తీసుకుని, కొత్తవి అందేదాకా వెంట తీసుకెళ్ళిన పాతవాటిలో ఐదే తిరిగి పంపాడు. ఆరోది ఆయనతో వచ్చే ఒక పెద్దావిడ వదలనందట. గాలి లేని పక్కపాయలో ఆవిడ దానితోనే హాయిగా వేసుకుంటోందట. ఆ మాట విని నాకు సంతోషం కలిగింది. తప్పు పోలేదు. కర్ర మాత్రం తన చోటికి చేరింది.

ఒత్తుతో మొదలైన చదువు

అప్పుడు నాకు నలభై ఏడేళ్ళు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సుగుణక్క నా ముందు పలక పెట్టింది.

"ఎక్కడికెల్లి షురూ చేద్దామే?"

"ఫాస్ట్‌కెల్లి."

"పిచ్చిదానా, దాంట్ల ఒత్తున్నది. అ, ఆ లు ఎవరు నేరుస్తరు?"

"నన్ను ముంచింది అదే గదక్కా. ముందుగాల దాని మొహం చూస్త."

నవ్వుతూనే రాసిచ్చింది. గుజరాతీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. తెలుగులో సకారం కింద వేలాడే టకారం ఒత్తు నాకు రాడ్ మీది రింగులా కనిపించేది. అ, ఆ లు తరవాత వచ్చాయి. మా ఆయన చూసి, "ముసలితనంల బడి పెట్టినవా?" అన్నాడు. నెల తరవాత గ్యాస్ పుస్తకం మీద తన పేరు నేను చదివితే, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ మళ్ళీ చదవమన్నాడు.

చిట్టీ మొత్తం నాకు నేనుగా చదవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా సుగుణక్క పక్కన కూర్చున్నాను. ఆమె వేలు అక్షరం మీద, నా వేలు ఆమె వేలు వెనక. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను, "అక్కా, ఇయ్యాల్నే యాదికొచ్చిందన్నది అబద్ధం" అని. చెప్పలేదు. చదువు చెబుతున్న మనిషికి అది చెబితే చదువు ఆగిపోతుందేమోనని మొదట్లో. తరవాత్తరవాత, చెప్పడానికి ఆలస్యమైపోయిందని. మళ్ళీ నన్ను రాకుల దగ్గరికి పంపినప్పుడు కూడా చెప్పలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. చిట్టీ చదవండి, ఆపైన ఖాలీని గోడకు ఆనించి చూడండి. చదివింది, చెయ్యి చెప్పింది రెండూ కలవకపోతే లేచి వెళ్ళి అడగండి. తెలిసిన మాటనైనా సరే అడగండి. తెలియని మాట దగ్గర మనం ఎలాగూ ఆగుతాం. నన్ను ముంచింది తెలిసిన మాటే.

ఎర్ర దారం రాడ్

పోయిన ఏడాది పని మానేశాను. సుగుణక్క నాకంటే ముందే మానేసింది. ఆఖరిరోజు కేతన్‌భాయ్ రెండు రాకులూ చూపించి, నచ్చింది ఒకటి తీసుకెళ్ళమన్నాడు. నేను మూలకు వెళ్ళాను. ముంబై నుంచి తిరిగి వచ్చిన ఐదింట్లో ఒకటి ఇంకా అక్కడే ఉంది. కొత్తవాళ్ళకు వంపు చూపించడానికి వాడేవాళ్ళం. దుమ్ము తుడిచాను. దారం రంగు కొంచెం కూడా తగ్గలేదు.

"అదా?" అన్నాడు.

"ఫాస్ట్ సాబ్," అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఆదివారం పొద్దున సుగుణక్కను తీసుకుని వడోద్‌లో మా ఇళ్ళ వెనక ఉన్న ఖాళీ జాగాకు వెళ్ళాను. నీళ్ళు లేవు, చేపలు లేవు. దారం కొసకు ఈగ బదులు ఎర్ర ఉన్నిముక్క కట్టాను. ఇరవై రెండేళ్ళుగా కొన్నవాళ్ళందరికీ ఎలా వేయాలో చెప్పినదాన్ని. ధీమా కర్రతో వెనక్కి తీశాక ఆగాలి. దారం వెనక పూర్తిగా చాచుకునేదాకా, వంపు పిడిదాకా వచ్చి అరచేతికి తెలిసేదాకా ఆగాలి. తొందరపడి ముందుకు తెస్తే కర్రకు ఇంకా బలం రాలేదు కాబట్టి దారం కాళ్ళ దగ్గర కుప్పగా పడుతుంది.

మొదటిసారి వేశాను. కాళ్ళ దగ్గర కుప్పగా పడింది. రెండోసారీ అంతే. మూడోసారి ఉన్నిముక్క నా కొప్పులో ఇరుక్కుంది. సుగుణక్క బండ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

"ఊరందరికి ఆగుమని చెప్తివి. నువ్వే ఆగుతలేవు గదనే."

"చెయ్యి ఆగుతలేదక్కా."

ఆమె లేచి వచ్చి, నా జుట్టులోంచి ఉన్నిముక్క జాగ్రత్తగా తీసింది. తీస్తూనే, నా ముఖంవైపు చూడకుండా, మామూలుగా అంది.

"నాడు రెండు దినాలు ఆగినవు. ఇప్పుడు జర సేపు ఆగలేవా?"

కర్ర కిందికి దించాను. "నీకు ఎప్పటిసంది ఎరుక అక్కా?" అన్నాను.

సుగుణక్క ఉన్నిముక్కను చక్కగా సర్ది కింద వదిలింది. వెళ్ళి మళ్ళీ బండ మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"ఇయ్యాల్నే యాదికొచ్చింది," అంది. "ఇగ వెయ్."

కర్ర వెనక్కి తీశాను. ఆగాను. దారం నా వెనక చాచుకుంటూ పోయింది. వంపు కొస నుంచి నడుముకు, నడుము నుంచి పిడికి దిగి నా అరచేతిలోకి వచ్చింది. అప్పుడు ముందుకు తెచ్చాను. ఎర్ర ఉన్నిముక్క సుగుణక్క కాళ్ళ ముందు, చప్పుడు లేకుండా, పరిచినట్టు పడింది.